వదలని జ్వరానికి పేరు కనుక్కోవాలి: జీవాల నుంచి సోకే బ్రూసెల్లోసిస్



మీరు పంపే విరాళాల్లో చదువుల తర్వాత ఎక్కువ భాగం వైద్య సహాయానికే ఖర్చవుతుంది. ఆ దరఖాస్తులను ముందుగా చదివి, ఇళ్లకు వెళ్లి విచారించే పని మా వంతు. గుండె ఆపరేషన్, డయాలసిస్, ప్రమాదంలో విరిగిన కాలు లాంటి వాటికి కాగితం మీద ఒక పేరు ఉంటుంది. ఎంత కావాలో, ఎన్నాళ్లు కావాలో తెలుస్తుంది. కొన్ని దరఖాస్తులు మాత్రం వేరుగా ఉంటాయి. జబ్బు పేరు రాయాల్సిన చోట "నెలల తరబడి జ్వరం, నడుము నొప్పి, నీరసం" అని ఉంటుంది. వెనక కుట్టిన రసీదుల కట్ట మాత్రం మందంగా ఉంటుంది. ఒక ల్యాబ్ తర్వాత మరో ల్యాబ్, ఒక డాక్టరు తర్వాత మరో డాక్టరు. డబ్బు అయిపోయింది, జ్వరం అలాగే ఉంది.

మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. అయినా తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి, ఈ విషయం దాతల ముందు పెట్టాలనుకున్నాము. ఇలాంటి ప్రతి జ్వరమూ ఒకే జబ్బు కాదు. క్షయ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, మలేరియా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అయితే గొర్రెలు, మేకలు, పశువులతో పని చేసేవారి విషయంలో వెతకాల్సిన జబ్బుల జాబితాలో ఒక పేరు తప్పకుండా ఉండాలి. తరచూ లేకుండా పోయేదీ అదే. ఆ పేరు బ్రూసెల్లోసిస్.

మన తీరం, మన జీవాలు

మన నెల్లూరు తీరం అంటే బయటివారికి చేపలు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. కానీ ఇక్కడ జీవాలు లేని ఊరు లేదు. నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతులన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరు పొందింది. తెల్లగా ఉండే పల్ల, ముఖం మీద నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రగోధుమ రంగు దొర అనే మూడు రకాలు మన కాపరులకు పుట్టుకతో తెలిసినవే. వరి కోత అయ్యాక మళ్లలో మందలు మేస్తాయి. ఎరువు కోసం రైతులు పొలాల్లో మంద కట్టించుకుంటారు. సరుగుడు తోటల అంచుల్లో మేకలు తిరుగుతాయి. ఇళ్ల వెనక ఒకటో రెండో గేదెలు ఉంటాయి.

ఈ జీవాల చుట్టూ ఎందరో బతుకుతున్నారు. కాపలా కాసేవారు, ఈనేటప్పుడు పట్టుకునేవారు, సంతలో కొని తెచ్చేవారు, మాంసం కొట్టేవారు, తోళ్లు, తలకాయ, కాళ్లు శుభ్రం చేసేవారు, పాలు పితికేవారు. మన సమాజంలో చాలా కుటుంబాలకు ఇదే తరతరాల జీవనాధారం. బక్రీద్ నాళ్లలో ఈ పనిలోకి కొత్త చేతులు కూడా వస్తాయి. కాబట్టి ఇది మన గుమ్మం ముందున్న విషయం.

ఏమిటీ జబ్బు?

బ్రూసెల్లా అనే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు ఇది. ఇందులో కొన్ని రకాలున్నాయి. మేకలు, గొర్రెల్లో ఉండే మెలిటెన్సిస్ రకం మనిషిని ఎక్కువగా బాధిస్తుంది. ఆవులు, గేదెల్లో ఉండేది అబార్టస్ రకం. జీవాల్లో దీని ముఖ్య లక్షణం ఈసుకుపోవడం. చూడి జీవం నెలలు నిండబోయే సమయంలో పిల్లను పడేస్తుంది, మాయ సరిగా పడదు. పొట్టేళ్లలో వృషణాలు వాయవచ్చు. ఆ తర్వాత జీవం మామూలుగానే కనిపిస్తుంది. మేత మేస్తుంది, పాలిస్తుంది, మళ్లీ చూడి కడుతుంది. కానీ క్రిమిని పాలలో, గర్భస్రావాల్లో వదులుతూనే ఉంటుంది. చూపుకు ఆరోగ్యంగా ఉండటమే ఇందులోని మోసం.

మనిషికి ఇది మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పచ్చిపాలు, వాటితో చేసిన పదార్థాలు. రెండోది చేతి మీది గాయాలు, గీతలు, కంటి పొర. ఈసుకుపోయిన పిల్లను, మాయను ఉత్త చేతులతో తీసినప్పుడు, మాంసం కొట్టేటప్పుడు రక్తం చిందినప్పుడు క్రిమి లోపలికి పోతుంది. మూడోది గాలి. దొడ్లోనో, కబేళాలోనో గాలిలో తేలే సన్నని తుంపరల ద్వారా ఊపిరితో చేరుతుంది. మన గొర్రెల పాలు పితకడం తక్కువ కాబట్టి, గొర్రెల నుంచి వచ్చేది ఎక్కువగా రెండు, మూడు దారుల్లోనే.

రెండు విషయాలు ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. బాగా ఉడికిన మాంసం వల్ల, బాగా మరిగిన పాల వల్ల ఈ జబ్బు రాదు. మనిషి నుంచి మనిషికి అంటుకోవడం చాలా అరుదు. కాబట్టి రోగిని వెలివేయాల్సిన పని లేదు, కంచం వేరు పెట్టాల్సిన పని లేదు.

క్రిమి ఒంట్లో చేరాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలలకు జబ్బు బయటపడుతుంది. సాయంత్రానికి జ్వరం, రాత్రి ఒళ్లంతా తడిసేంత చెమట, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి, ఆకలి లేకపోవడం, మనసు దిగాలుగా ఉండటం. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. సముద్రపు అలలా వచ్చి పోతుంది కాబట్టే పాత వైద్యులు దీన్ని అలల జ్వరం అన్నారు. పట్టించుకోకపోతే క్రిమి వెన్నుపూసల్లో, తుంటి కీళ్లలో, కాలేయంలో, వృషణాల్లో తిష్ఠ వేస్తుంది. అరుదుగా గుండె కవాటాలను పట్టుకుంటుంది. ఈ జబ్బుతో మరణాలు తక్కువ. జరిగేవి ఎక్కువగా గుండెకు పాకిన వారిలోనే. అయితే చావకపోయినా సంపాదించే మనిషి ఏడాదిపాటు మంచం పడితే ఆ ఇల్లు ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మాల్టా మేకలు నేర్పిన పాఠం

ఈ జబ్బు కారణాన్ని కనుగొన్న కథ మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో మొదలైంది. అక్కడి బ్రిటిష్ సైనికులు అంతుపట్టని జ్వరంతో నెలల తరబడి ఆసుపత్రిలో పడి ఉండేవారు. చనిపోయిన సైనికుల ప్లీహం నుంచి ఈ క్రిమిని వేరు చేసినట్టు డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు 1887లో ప్రకటించాడు. బ్రూసెల్లా అన్న పేరు ఆయన నుంచి వచ్చిందే. 1897లో ఆల్మ్‌రోత్ రైట్ రోగి రక్తపు సీరంలో ఈ క్రిములు గుంపులు కడతాయని చూపి, దాన్నే రోగనిర్ధారణ పరీక్షగా మార్చాడు. నేటికీ మన ల్యాబుల్లో చేసే పరీక్షకు మూలం అదే.

క్రిమి దొరికింది, పరీక్ష దొరికింది. కానీ జబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిత్ ఆ పరీక్షను మేకల రక్తం మీద చేశాడు. చూడటానికి నిగనిగలాడే మేకల్లో క్రిమి జాడ బయటపడింది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు. సైన్యంలో జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. పచ్చిపాలు మానని ఊరి ప్రజల్లో మాత్రం జబ్బు కొనసాగింది.

అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త కథ ఇంకా దగ్గరగా తాకుతుంది. మేకల్లో, ఆవుల్లో ఉన్నది దగ్గరి బంధువులైన క్రిములేనని, ఆవు పచ్చిపాలు కూడా మనిషికి ప్రమాదమేనని ఆమె 1918లో ప్రచురించింది. చాలామంది నమ్మలేదు. 1922లో ప్రయోగశాలలో పని చేస్తుండగా ఆమెకే ఈ జబ్బు సోకింది. ఏళ్ల తరబడి వచ్చి పోతూ బాధించింది. ఈ క్రిమిని గురించి అంత తెలిసిన మనిషికే, అది నరాల బలహీనత అనీ, శరీరంలో జబ్బేమీ లేదనీ కొందరు వైద్యులు తేల్చేశారు. చివరికి శరీరంలో క్రిమి దొరికాకే ఆమె మాట నిజమని ఒప్పుకున్నారు. ఒక శాస్త్రవేత్తకే ఇలా జరిగితే, మన మాంసం కొట్లో పని చేసే కూలీ మాట ఎవరు వింటారు?

ఎందుకు దొరకకుండా పోతుంది?

రెండేళ్ల క్రితం మా దృష్టికి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. ఊరూ పేరూ వద్దు. తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు వరుసగా బడికి రాకపోతే విచారించాము. "అబ్బా లేవలేకపోతున్నాడు సార్. అంగడికి నేనే పోతున్నా" అన్నాడు. తండ్రికి ఎనిమిది నెలలుగా జ్వరం. మొదట టైఫాయిడ్ అని మూడుసార్లు మందులు వాడారు. తర్వాత నడుము నొప్పి ముదిరితే వెన్నెముక క్షయ అనుకుని మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలు హాయిగా ఉంది, మానగానే తిరగబెట్టింది. భార్య చెవికమ్మలు అప్పటికే కుదువలో ఉన్నాయి.

చివరికి ఒక డాక్టరు "ఏం పని చేస్తావు భాయ్?" అని అడిగారు. "కూలి పని సార్" అన్నాడాయన. "ఏం కూలి?" అని ఆమె మళ్లీ అడిగాక గానీ మాంసం కొట్టే పని అని చెప్పలేదు. చిన్నతనంగా అనిపించి అన్ని చోట్లా కూలి అనే రాయించాడట. ఆ రెండో ప్రశ్నతో దారి మారింది. పరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది.

ఇందులో ఏ ఒక్కరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఈ జబ్బు వేషాలు మార్చగలదు. జ్వరంగా వస్తే టైఫాయిడ్‌లా ఉంటుంది. మన ప్రాంతాల్లో చాలామంది రక్తంలో పాత టైఫాయిడ్ ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి, విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. నడుముకు పాకితే క్షయలా ఉంటుంది. పైగా క్షయకు వాడే రిఫాంపిసిన్, స్ట్రెప్టోమైసిన్ ఈ క్రిమి మీద కూడా కొంత పని చేస్తాయి. అందుకే తాత్కాలికంగా తగ్గి, క్షయే అన్న నమ్మకాన్ని బలపరుస్తుంది. కీళ్లకు వస్తే వాతం అంటారు. ఏమీ దొరకకపోతే మనోవ్యాధి అంటారు, లేదంటే బద్ధకం అంటారు.

పరీక్షలు ఒక్కొక్కటిగా

మొదటి పరీక్ష ప్రశ్నే. దానికి డబ్బు అక్కర్లేదు. ఏ పని చేస్తారు? ఇంట్లో జీవాలున్నాయా? ఈమధ్య ఏవైనా ఈసుకుపోయాయా? ఆ మాయను ఎవరు తీశారు? పచ్చిపాలు తాగే అలవాటుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జ్వరం ఉందా? డాక్టరు అడగకపోయినా రోగి తానే చెప్పాలి.

రెండోది రోజ్ బెంగాల్ పరీక్ష. చంపేసిన బ్రూసెల్లా క్రిములకు గులాబీ రంగు పట్టించిన ద్రావణం ఒక చుక్క, రోగి సీరం ఒక చుక్క ఒక పలక మీద కలిపి నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతారు. సీరంలో ఆ క్రిమికి వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలు ఉంటే, పాలు విరిగినట్టు సన్నని గుంపులు కడతాయి. లేకపోతే నునుపుగా ఉంటుంది. ఖర్చు తక్కువ, త్వరగా తేలుతుంది. అయితే ఇది వడపోత మాత్రమే. ఇక్కడ గుంపులు కడితే తర్వాతి పరీక్షకు వెళ్లాలి.

మూడోది గొట్టాల్లో చేసే అగ్లుటినేషన్ పరీక్ష. సీరాన్ని 1:20, 1:40, 1:80, 1:160, 1:320 ఇలా రెట్టింపు చేస్తూ పలచన చేసి, ఒక్కో గొట్టంలో క్రిముల ద్రావణం కలిపి, 37 డిగ్రీల వేడిలో ఒక రోజు లేదా అంతకంటే ఎక్కువ ఉంచుతారు. ఎంత పలచన చేసినా గుంపు కట్టిందంటే ప్రతిరక్షకాలు అంత ఎక్కువగా ఉన్నాయన్నమాట. జబ్బు లక్షణాలతోపాటు 1:160 లేదా అంతకు మించి వస్తే సాధారణంగా బ్రూసెల్లోసిస్‌గా భావిస్తారు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు చేసినప్పుడు అంకె నాలుగు రెట్లు పెరిగితే ఇంకా గట్టి రుజువు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ప్రతిరక్షకాలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి గొట్టాల్లో గుంపు కట్టకపోవచ్చు. రెండు మూడు గొట్టాలతో ఆపేస్తే జబ్బు లేదని నివేదిక వస్తుంది. ఇంకా పలచన చేసి చూస్తే అప్పుడు బయటపడుతుంది. పాతబడిన జబ్బులో మరో ఇబ్బంది ఉంది. ప్రతిరక్షకాలు క్రిమిని అంటుకున్నా గుంపు కట్టించలేవు. అప్పుడు కూంబ్స్ పరీక్ష అనే అదనపు మెట్టు అవసరమవుతుంది. అందుకే నెలల తరబడి బాధపడుతున్న మనిషికి ఒకసారి లేదని వచ్చినంత మాత్రాన వదిలేయకూడదు.

నాలుగోది ఎలీసా. ఇది ప్రతిరక్షకాలను రకాలుగా విడదీసి చూపుతుంది. ఐజీఎం రకం ఎక్కువగా ఉంటే జబ్బు కొత్తదని, ఐజీజీ రకం ఎక్కువగా ఉంటే పాతదో, తిరగబెట్టిందో అని ఊహించవచ్చు. ఎలీసా లేని చోట 2-మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం కలిపి చేసే గొట్టాల పరీక్ష ఇదే పనికి ఉపయోగపడుతుంది. అది ఐజీఎంను పనికిరాకుండా చేస్తుంది, మిగిలిందే ఐజీజీ.

ఐదోది కల్చర్. రక్తంలోనో, ఎముక మజ్జలోనో ఉన్న క్రిమినే పెంచి చూడటం. ఇదే తిరుగులేని రుజువు. కానీ ఈ క్రిమి నిదానంగా పెరుగుతుంది. పాత పద్ధతిలో కొన్ని వారాలు ఉంచి చూడాలి. నేటి యంత్రాల్లో చాలావరకు వారం పది రోజుల్లో తెలుస్తుంది. జబ్బు పాతబడేకొద్దీ రక్తంలో దొరికే అవకాశం తగ్గుతుంది, మజ్జలో కొంత మెరుగు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీయడం ముఖ్యం. ఇంకో ముఖ్యమైన మాట: బ్రూసెల్లా అనుమానం ఉందని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. పరీక్షించే సిబ్బందికే సోకే క్రిముల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

పెద్ద ల్యాబుల్లో క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ కూడా ఉంది. నడుము నొప్పి ఉంటే ఎమ్మారై, గుండెపై అనుమానం ఉంటే ఎకో తీయిస్తారు. వెన్నులో బ్రూసెల్లా ఎక్కువగా నడుము కింది పూసలను పట్టుకుంటుంది, పూస ఆకారం చాలావరకు నిలిచే ఉంటుంది. క్షయలో పూసలు కుంగిపోవడం, చీము గడ్డలు ఎక్కువ. అయినా చిత్రం ఒక్కటే చూసి రెంటినీ విడదీయడం కష్టం. రక్తపరీక్ష తోడు కావాల్సిందే.

అంకె ఒక్కటే రోగం కాదు

ఇంత చదివాక మాంసం కొట్లో పని చేసేవారందరికీ పరీక్షలు చేయించేద్దామని కొందరికి అనిపించవచ్చు. అదీ సరికాదు. ఏళ్ల తరబడి జీవాలతో ఉన్నవారి రక్తంలో జబ్బు లేకపోయినా ప్రతిరక్షకాలు ఉండవచ్చు. నయమైన తర్వాత కూడా నెలల పాటు అవి మిగులుతాయి. యెర్సీనియాలాంటి మరికొన్ని క్రిములు సోకినా ఈ పరీక్షలు తప్పుగా ఉందని చూపవచ్చు. ఒంట్లో బాధ లేని మనిషికి అంకె చూసి మందులు పెట్టకూడదు. బాధ ఉన్న మనిషికి ఒక అంకె చూసి లేదనీ అనకూడదు. మనిషి చేసే పని, ఒంట్లో బాధ, పరీక్షలో అంకె, ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే నిర్ధారణ. పరీక్షలో మార్కులు చూసి పిల్లవాడి తెలివిని తేల్చకూడదని మేము తల్లిదండ్రులకు చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది.

మందు ఉంది, ఓపిక కావాలి

ఈ జబ్బుకు మందులు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి ఒక్క మందు చాలదు, పది రోజుల కోర్సు చాలదు. పెద్దవారికి సాధారణంగా డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానికి తోడు రిఫాంపిసిన్ ఆరు వారాలు గానీ, స్ట్రెప్టోమైసిన్ సూదులు రెండు మూడు వారాలు గానీ ఇస్తారు. వెన్నుకు, గుండెకు పాకితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మందులు వేరు. క్షయ లేదని తేల్చుకోకుండా రిఫాంపిసిన్ లాంటి మందు వాడితే, ఉన్న క్షయ ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఇది సొంతంగా మందుల షాపులో కొనుక్కునే వైద్యం కాదు.

రెండో వారానికే జ్వరం తగ్గుతుంది. అసలు ప్రమాదం అక్కడే. బాగైందని పనిలోకి దిగి మందు మానేస్తారు. పూర్తిగా వాడినా నూటికి ఐదు నుంచి పదిహేను మందిలో తిరగబెట్టవచ్చని చెబుతారు. మధ్యలో మానితే ఇంకా ఎక్కువ. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కాబట్టి, అన్నాళ్లూ అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి.

రాకుండా చూసుకోవడం

పాలు పొంగేదాకా కాచి తాగాలి. పొదుగు దగ్గరి గోరువెచ్చని మేకపాలు బలమన్న మాట మానుకోవాలి. ఈసుకుపోయిన పిల్లను, మాయను ఉత్త చేతులతో తాకకూడదు. కుక్కలకు వేయకూడదు, కాలువలో పారేయకూడదు. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి. మాంసం కొట్టేవారు చేతి గాయానికి కట్టు కట్టి, చేతి తొడుగులు వేసుకుని, పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. ఖుర్బానీ రోజున పిల్లల చేత పేగులు, రక్తం ఎత్తించడం మానాలి.

మందలో వరుసగా జీవాలు ఈసుకుపోతుంటే 1962 నంబరుకు ఫోను చేసి పశువైద్యులకు చెప్పాలి, వాటిని గుట్టుగా సంతకు తోలకూడదు. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు, గేదె దూడలకు ఈ జబ్బు టీకా వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు. గొర్రెలు, మేకలకు ఆ టీకా వేయడం లేదు కాబట్టి, వాటి విషయంలో మన జాగ్రత్తే టీకా.

దాతలు ఏం చేయగలరు?

మందుల బిల్లు చూసి సాయం చేయడం మనకు అలవాటు. ఇలాంటి జ్వరాల్లో మందుకంటే ముందు పేరు కనుక్కోవడానికి సాయం కావాలి. ప్రాథమిక రక్తపరీక్ష కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. అది సకాలంలో జరగకపోవడం వల్లే కుటుంబాలు వేలల్లో, లక్షల్లో అప్పు చేస్తున్నాయి. అందుకే మూడు పనులకు మీ సహకారం కోరుతున్నాము.

మొదటిది పరీక్షల నిధి. మూడు వారాలు దాటిన జ్వరం ఉండి, జీవాలతో పని చేసే పేదవారికి డాక్టరు రాసిన పరీక్ష ఖర్చు, నెల్లూరు దాకా రానుపోను చార్జీలు వెంటనే ఇవ్వడానికి. రెండోది ఆరు వారాల తోడు. మందులతోపాటు ఆ ఆరు వారాల బియ్యం, పప్పు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటేనే మనిషి మందు మానకుండా విశ్రాంతి తీసుకుంటాడు, బిడ్డ బడి మానకుండా ఉంటాడు. మూడోది చేతి తొడుగులు, సబ్బు, తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసిన ఒక చిన్న కరపత్రం. బక్రీద్‌కు ముందే మాంసం అంగళ్లకు, మందల దగ్గరకు చేర్చాలి.

అర్హులకు జకాత్ నుంచి, మిగిలినవారికి సదఖా నుంచి ఇవ్వాలన్న పద్ధతి ఇక్కడా పాటిస్తాము. మందల వెంట తిరిగే కాపరుల్లో హిందూ సోదరులే ఎక్కువ. సాధారణ విరాళాల నుంచి వారికీ ఇదే సాయం అందుతుంది, జ్వరానికి మతం లేదు. మన దరఖాస్తు ఫారంలో ఈ ఏడాది నుంచి "జీవాలతో పని ఉందా? ఏ పని?" అన్న గడి చేర్చాము. జవాబు రాయడానికి ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు. హలాల్‌గా కష్టపడి సంపాదించే పని ఏదీ చిన్నది కాదు. ఆ పని పేరు డాక్టరు ముందు ధైర్యంగా చెప్పడమే సగం వైద్యం.

మీ పరిచయస్తుల్లో, మీ ఇంటికి మాంసం తెచ్చేవారిలో, పాలు పోసేవారిలో నెలల తరబడి జ్వరంతో, నడుము నొప్పితో బాధపడేవారు ఉంటే ఈ వ్యాసం చదివి వినిపించండి, డాక్టరు దగ్గరకు పంపండి, మాకు కబురు చేయండి.